చేతులున్నాయి కదా!

ఆపరేషన్ బల్ల మీద కుష్ఠు రోగి చెయ్యి వెల్లకిలా పెట్టి ఉంది. ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటిగా సాగదీసి చూసి, అరచేతిలో సన్నటి కోత పెట్టింది సర్జన్. ఆపరేషన్ మొదలైనప్పటి నుంచి ఆమె ఒక్కసారి కూడా లేచి నిలబడలేదు. నిలబడే వీలూ లేదు. నడుము దిగువన ఆమెకు కదలికా లేదు, స్పర్శా లేదు. కూర్చున్నది చక్రాల కుర్చీలో. వయసు ముప్ఫైకి కాస్త అటూ ఇటూ.

ఆమె పేరు డాక్టర్ మేరీ వర్గీస్. కాలం 1950ల మధ్య. ఊరు వేలూరు. చిత్తూరు వైపు పాతతరం వాళ్లు ఇప్పటికీ రాయవేలూరనే అంటారు. ఊళ్లో డాక్టరు చేతులెత్తేస్తే ‘ఒకసారి సీఎంసీకి తీసుకుపోండి’ అనే మాట మనవైపు వినని ఇల్లు తక్కువ. ఆ సీఎంసీలోనే, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనే, చూసేవాళ్లకు ఏ మహిమా కనపడకుండా, మేరీ కథ నడిచింది.

వైకల్యం గురించి మన సంఘాల్లో రెండు రకాల సాక్ష్యాలు ఎక్కువ వింటాం. మొదటిది, ప్రార్థన చేశారు, లేచి నడిచాను. రెండోది, నడవలేకపోయినా ప్రభువు ఓదార్చాడు, మూల కూర్చుని స్తుతిస్తున్నాను. మేరీ సాక్ష్యం ఈ రెండింట్లోనూ ఇమడదు. ఆమె లేచి నడవలేదు, మూల కూర్చోనూ లేదు. అందుకేనేమో ఆదివారం ప్రసంగాల్లో ఆమె పేరు అంతగా వినపడదు.

కొచ్చి దగ్గర చెరాయిలో 1925లో పుట్టిందామె. పెద్ద కుటుంబం. లోటు తెలియకుండా పెరిగిన పిల్ల. డాక్టరు చదువు కోసం వేలూరు వచ్చింది. ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టి, 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాలగా పెంచిన చోటు అది. చదువయ్యాక మేరీ అక్కడే ప్రసూతి, స్త్రీ వైద్య విభాగంలో చేరింది. ఆ దారిలోనే వెళ్లి ఉంటే దక్షిణాదిలో ఏదో ఊళ్లో వేల కాన్పులు చేసి, మంచి డాక్టరమ్మ అనిపించుకుని రిటైరై ఉండేది.

1954 జనవరి 30న ఆ దారి మూసుకుపోయింది. తోటి డాక్టర్లతో కలిసి సరదాగా షికారుకు బయలుదేరారు. ముందు వెళ్తున్న బస్సును దాటబోయిన బండి అదుపు తప్పి, రోడ్డు పక్క మైలురాయికి కొట్టుకుని పల్టీలు కొట్టింది. మేరీ ముఖం ఛిద్రమైంది. వెన్నుపాము దెబ్బతింది. ముఖం గాయాలు మానాయి, మచ్చలు మిగిలాయి. వెన్నుపాము మానలేదు.

వెన్నుపాము తెగిన మనిషికి 1954లో ఏం దొరికేదో ఒకసారి ఊహించాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు మీదా తుంటి మీదా పుండ్లు పడతాయి. స్పర్శ ఉండదు కాబట్టి పుండు ఎముక దాకా వెళ్లినా నొప్పి తెలియదు. మూత్రం మీద పట్టుండదు. అందులో చీము చేరి కిడ్నీలకు ఎక్కుతుంది. మంచి ఆసుపత్రిలో ఉంటే ప్రాణం నిలుస్తుంది. ఆ తర్వాత ఏమిటన్న ప్రశ్నకు దేశంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంటికి పంపేవాళ్లు, ఇంట్లో మంచం వేసేవాళ్లు, అంతే. మేరీ స్వయానా డాక్టరు కనుక తన కేసు షీటు తనే చదువుకోగలదు. అది వరమో శాపమో చెప్పడం కష్టం. ఆమెకు కోపం రాలేదనీ, దేవుణ్ణి నిలదీయలేదనీ ఎవరైనా రాస్తే నమ్మకండి. కీర్తనల గ్రంథంలో నిలదీతలు ఎన్నో. దావీదు అడిగింది ఓ మలయాళీ డాక్టరమ్మ అడిగితే విశ్వాసం తగ్గినట్టేమీ కాదు.

అలా మంచం మీద ఉన్న రోజుల్లో ఆమె దగ్గరికి వస్తూ ఉండేవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన ఇంగ్లిషాయన. కుష్ఠు రోగుల వేళ్లు అరిగిపోవడానికి కారణం మాంసం కుళ్లడం కాదు, నరాలు చచ్చి నొప్పి తెలియకపోవడం అని కనిపెట్టి, ముడుచుకుపోయిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టినవాడు. ఒకరోజు ఆయన మేరీతో, డాక్టరుగా నీ భవిష్యత్తు గురించి మాట్లాడుకుందాం అన్నాడట. పక్కకు తిరగడానికి ఇద్దరు మనుషుల సాయం కావాల్సిన స్థితిలో ఉందామె. వేళాకోళం అనుకుంది. ఆయన మాత్రం లెక్క వేసుకునే వచ్చాడు. కడుపు కోసే సర్జన్ నిలబడి తీరాలి. చేతి ఆపరేషన్ చేసే సర్జన్ ఎలాగూ కూర్చునే చేస్తాడు. నీకు కాళ్లు లేవు, నిజమే. చేతులున్నాయి కదా! ఆయన వాదన సారాంశం ఇదే.

ఇక్కడ ఆ ఆపరేషన్ ఏమిటో కొంచెం దగ్గరగా చూడాలి. కుష్ఠు క్రిమికి చల్లటి చోట్లు ఇష్టం. మోచేతి దగ్గర చర్మానికి ఆనుకుని పోయే నరాన్ని పట్టుకుంటుంది. ఆ నరం చచ్చిపోతే అరచేతిలోని చిన్న కండరాలు పడిపోతాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు ముందు వంగిపోతాయి, తర్వాత మిగతావి. చెయ్యి కోడి కాలి గోళ్లలా అయిపోతుంది. ముద్ద కలపలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. అయితే మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉన్న పెద్ద కండరాలు కొన్ని బాగానే ఉంటాయి. వాటిలో ఒకదాని స్నాయువును సర్జన్ దాని చోటు నుంచి విడదీస్తారు. చీల్చి పోగులు చేస్తారు. అరచేతి లోపలి నుంచి సొరంగం తీసి, ఆ పోగుల్ని ఒక్కో వేలికీ కడతారు. ఎంత బిగించాలన్నదే అసలు విద్య. వదులైతే వేలు లేవదు, బిగుతైతే ముడవదు. కట్టు విప్పాక మరో పని ఉంది. ఇంతకాలం ఒక పనికి అలవాటైన కండరానికి కొత్త పని నేర్పాలి. వారాల తరబడి రోగి తన చేతిని తనే చూసుకుంటూ, మెదడుకు పాఠం చెప్పుకుంటాడు.

మేరీ ఈ విద్య నేర్చుకుంది. అప్పట్లో కుష్ఠు రోగి అంటే మామూలు ఆసుపత్రుల గుమ్మం కూడా ఎక్కనిచ్చేవాళ్లు కాదు. బస్సులోంచి దింపేసేవాళ్లు. అలాంటి మనిషి ముందుకు ఓ డాక్టరమ్మ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, మచ్చలున్న ముఖంతో నవ్వి, నీ చెయ్యి చూపించు అంటే ఎలా ఉంటుంది? వార్డులో ఆమె కనపడగానే రోగుల ముఖాలు మారిపోయేవని బ్రాండ్ తర్వాత చెప్పుకున్నాడు. ఆయన ఎన్ని ఆపరేషన్లు చేసినా రోగి దృష్టిలో ఆయన రెండు కాళ్ల మీద నిలబడ్డ దొర. ఈమె అలా కాదు, తమలాంటి మనిషి.

డోరతీ క్లార్క్ విల్సన్ అనే అమెరికన్ రచయిత్రి 1963లో మేరీ జీవిత కథ రాసింది. ‘టేక్ మై హ్యాండ్స్’ అని పేరు పెట్టింది. అదొక ప్రార్థన. కాళ్లు తిరిగి ఇమ్మన్న ప్రార్థన కాదు, ఉన్న చేతుల్ని తీసుకోమన్న ప్రార్థన. నాకు ఆమె విశ్వాసం మొత్తం ఇక్కడే కనిపిస్తుంది.

మన దగ్గర ఇంట్లో ఒకరికి వైకల్యం రాగానే పలకరింపులు మొదలవుతాయి. ‘ఏం పాపం చేశారో’ అని ఒకరు. ‘పూర్వజన్మ’ అని ఇంకొకరు. క్రైస్తవ ఇళ్లలో ఆ మాటే వేషం మార్చుకుని వస్తుంది: ‘ఇంట్లో ఎవరైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకోండమ్మా, ఉపవాసం ఉండి ప్రార్థన చెయ్యండి.’ యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డి గురించి శిష్యులు అడిగిందీ ఇదే. పాపం వీడిదా, కన్నవాళ్లదా? యేసు రెండూ కాదని తేల్చేశాడు. రెండు వేల ఏళ్ల కింద ముగిసిన వాదన ఇది. ఇప్పటికీ రోగి మంచం పక్కన కుర్చీ లాక్కుని ఎవరో ఒకరు మళ్లీ మొదలుపెడుతూనే ఉంటారు.

స్వస్థత గురించి కూడా ఒక మాట. నమ్మేవాళ్ల నమ్మకాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అయితే స్వస్థత రాని మనిషి గతేమిటి? అమెరికాలో జోనీ ఎరిక్సన్ టాడా అనే ఆవిడ ఉంది. 1967లో, పదిహేడేళ్ల వయసులో, చెసపీక్ అఖాతంలో లోతు చూసుకోకుండా డైవ్ చేసి మెడ విరగ్గొట్టుకుంది. భుజాల కింద కదలిక లేదు. ఆ కాలంలో పేరు మోసిన క్యాథరిన్ కూల్మన్ స్వస్థత సభకు ఆశతో వెళ్లింది. సభ ముగియకముందే చక్రాల కుర్చీల వాళ్లందరినీ రద్దీ కాకుండా లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లి వరసగా ఉంచారు. ఆ వరసలో కూర్చుని, ఇంతమందిమి ఇలాగే తిరిగి వెళ్తున్నామే, మా సంగతేమిటి అని ఆమె మనసులో అనుకున్నదట. మన ఊళ్లలో గ్రౌండ్లలో జరిగే కూటాల తర్వాత ఇలా తిరిగి వెళ్లేవాళ్ల సంగతి ఏ పోస్టరు మీదా ఉండదు.

జోనీ నోట్లో కుంచె పట్టుకుని బొమ్మలు వేయడం నేర్చుకుంది. 1976లో తన కథ రాసింది. 1979లో ‘జోనీ అండ్ ఫ్రెండ్స్’ అనే సంస్థ పెట్టింది. పాత చక్రాల కుర్చీల్ని సేకరించి, జైళ్లలో ఖైదీల చేత బాగు చేయించి, పేద దేశాలకు పంపే పని ఆ సంస్థ చేస్తుంది. 2010లో ఆమెకు క్యాన్సర్ కూడా వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఎక్కడా నొప్పి లేదని చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఇంకొకరు వచ్చి లేపి, కడిగి, బట్టలు తొడిగితే తప్ప రోజు మొదలవని మనిషి ఆనందం గురించి మాట్లాడితే, అది నోటి మాట కాదని మనకే తెలుస్తుంది.

బైబిల్లో ఆనందం అనే మాట ఎక్కువసార్లు వచ్చే పత్రికల్లో ఫిలిప్పీయులకు రాసినది ఒకటి. పౌలు దాన్ని సంకెళ్లతో ఉండి రాశాడు. ఆయనకే ఒంట్లో ఏదో ముల్లు ఉండేది. అదేమిటో పండితులు ఇంతవరకూ తేల్చలేదు. తీసెయ్యమని మూడుసార్లు ప్రార్థించాడు, తీయలేదు. ఆయనా పని ఆపలేదు.

మేరీ దగ్గరికి తిరిగి వద్దాం. చేతి సర్జన్‌గా ఆమెకు పేరొచ్చింది. అక్కడితో ఆగినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. కానీ ఆస్ట్రేలియాలో పెర్త్‌లోని పునరావాస ఆసుపత్రిలో కొంతకాలం ఉండి వచ్చాక ఆమె కళ్లు వేరే వైపు తెరుచుకున్నాయి. మంచం మీంచి కుర్చీలోకి ఎవరి సాయం లేకుండా మారడం, స్నానం, బట్టలు, ప్రయాణం అన్నీ అక్కడ ఒక శాస్త్రంలా నేర్పుతున్నారు. ఈ విద్య మన దేశంలో ఎందుకు లేదు? న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ నడిపే సంస్థ అప్పటికి ప్రపంచంలో ఈ రంగానికి తలమానికం. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని మళ్లీ మనుషుల్లో పడేయడం నుంచి పుట్టిన శాస్త్రం అది. మేరీ చక్రాల కుర్చీతోనే అక్కడికి వెళ్లి, చదివి, తిరిగొచ్చింది. గమనించండి, ఆమె అమెరికాలో ఉండిపోలేదు. అక్కడ ర్యాంపులున్నాయి, లిఫ్టులున్నాయి, జీతం ఉంది. వేలూరులో ఆ మూడూ అంతంతమాత్రమే.

వచ్చి సీఎంసీలో పునరావాస వైద్య విభాగానికి అధిపతి అయింది. 1966లో ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలోని బాగాయంలో పునరావాస కేంద్రం తెరిచారు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లను చేర్చుకుని, బతకడం నేర్పి పంపే ఇలాంటి కేంద్రం దేశంలో అదే మొదటిది. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1986 డిసెంబరులో ఆమె కన్ను మూసింది. ఇప్పుడా కేంద్రానికి ఆమె పేరే ఉంది.

ఇలాంటి కేంద్రాల్లో చేసే పని చూడ్డానికి ఏమంత గొప్పగా కనపడదు. రోగితో పాటు ఇంట్లోవాళ్లు ఒకరు ఉండాలి. ఎన్ని గంటలకు పక్కకు తిప్పాలో, పుండు మొదలయ్యే చోటు ఎర్రబడితే ఎలా గుర్తుపట్టాలో వాళ్లకు నేర్పుతారు. రోగికి భుజాలూ చేతులూ గట్టిపడే వ్యాయామాలు చేయిస్తారు. కుర్చీలో కూర్చున్నప్పుడు మధ్యమధ్య చేతుల మీద ఒళ్లు పైకి లేపి ఒత్తిడి తీయడం అలవాటు చేస్తారు. ఇంటికి వెళ్లాక మరుగుదొడ్డి ఎలా మార్చుకోవాలి, ఏ పని చేసి నాలుగు రూపాయలు సంపాదించాలి అన్నది కూడా వైద్యంలో భాగమే. బాగుపడి వెళ్లినవాళ్లను మళ్లీ పిలిచి, పరీక్షలు చేసి, ఆటలాడించే మేళా కూడా బాగాయంలో జరుగుతుంది. చక్రాల కుర్చీల పరుగు పందెంలో మనిషి ఎలా కేరింతలు కొడతాడో చూస్తే తప్ప నమ్మలేం.

మనకు ఇది దూరపు సంగతి కాదు. తెలంగాణలో తాటిచెట్టు మీంచి జారిపడి నడుము విరిగిన గీత కార్మికులు లేని జిల్లా ఉండదు. 2024లో ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, చాలా ఆలస్యంగా. కానీ ఇప్పటికే పడిపోయినవాళ్ల మాటేమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22.66 లక్షల మంది. సదరం సర్టిఫికెట్ కోసం క్యాంపుల చుట్టూ తిరిగితే పింఛను వస్తుంది. ఆంధ్రాలో సాధారణంగా నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. పింఛను లేకపోతే పస్తులే, దాన్ని తక్కువ చేయను. కానీ పింఛను తీసుకున్న మనిషి ఆ నెలంతా గుమ్మం దాటకపోతే, మనం అతనికి ఇచ్చింది తిండి మాత్రమే. మేరీ ఇచ్చింది అది కాదు.

బైబిల్లో నాకు ఈ సందర్భంలో గుర్తొచ్చేది అద్భుతాల కథ కాదు, మెఫీబోషెతు కథ. యోనాతాను కొడుకు. అయిదేళ్లప్పుడు దాది ఎత్తుకుని పారిపోతూ జారవిడిచింది. రెండు కాళ్లూ పోయాయి. ఎక్కడో లోదెబారులో తలదాచుకుని బతుకుతుంటే దావీదు కబురు పంపి రప్పించి, రాజు బల్ల దగ్గర రోజూ కూర్చుని భోంచేయమన్నాడు. ఆ అధ్యాయం ముగింపులో కూడా అతను కుంటివాడే. ఎవరూ ప్రార్థించి నడిపించలేదు. బల్ల దగ్గర చోటు ఇచ్చారు, అంతే. కథ రాసినవాడికి అదే సరిపోయింది.

మన చర్చిల్లో ఆ చోటు ఉందా? గుమ్మం ముందు అయిదారు మెట్లు. లోపల ప్రభువు బల్ల దగ్గరికి ఇంకో రెండు మెట్లు. సంస్కారం రోజున నడవలేని పెద్దాయన్ని ఇద్దరు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తుకుని పోతుంటే అందరూ అటే చూస్తారు. ఆయన తల దించుకుంటాడు. కొన్నాళ్లకు మానేస్తాడు. ‘పెద్దాయన ఈ మధ్య రావడం లేదు, పాపం’ అని మనమే అంటాం. అదే చర్చిలో పాస్టరు గారు మరో ఆదివారం విశ్వాసంలో ఓర్పు గురించి ప్రసంగిస్తూ వికలాంగుల ఉదాహరణలే చెబుతారు. పుట్టిన కొన్ని వారాలకే చూపు పోయి ఎనిమిది వేలకు పైగా పాటలు రాసిన ఫ్యానీ క్రాస్బీని తలుచుకోని ప్రసంగీకుడు అరుదు. ఆమె పాటలు తెలుగులోనూ పాడుకుంటాం. మంచిదే. ఆ ఉదాహరణ వినడానికి చూపులేని కుర్రాడు లోపలికి రాగలిగాడా అన్నది కూడా చూసుకోవాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ భవనాలతో ఆగలేదు. ప్రజలు వచ్చిపోయే భవనాల జాబితాలో మతపరమైన కార్యక్రమాలు జరిగేవాటినీ చేర్చింది. అంటే చర్చి, గుడి, మసీదు అన్నీ. ఉన్న భవనాల్ని మార్చుకోవడానికి నిబంధనలు వచ్చిన 2017 నుంచి అయిదేళ్లు గడువిచ్చింది. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. ఈ విషయంలో నిబంధనలు సూచనల్లా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కోర్టు కోరితే ఈ విషయంపై నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లే.

కోర్టు చెప్పిందని కాకపోయినా, దావీదు చోటిచ్చాడని అయినా చర్చికి ర్యాంపు కట్టొచ్చు. ఖర్చు కూడా పెద్దదేం కాదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. అంతకంటే నిటారుగా కడితే కుర్చీ ఎక్కదు, దిగేటప్పుడు మనిషి దొర్లుతాడు. పక్కన పట్టుకోవడానికి కడ్డీ కావాలి. గుమ్మం మూడు అడుగులు ఉండాలి. ఒక మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి. మొదటి వరసలో ఒక బెంచీ తీసేస్తే రెండు చక్రాల కుర్చీలు పడతాయి, కుటుంబంతో పాటు కూర్చోవచ్చు. డిసెంబరులో స్టార్లకూ, డెకరేషన్‌కూ, మైకు సెట్టుకూ లెక్క రాసుకోవడానికి సంఘ కమిటీ కూర్చుంటుంది కదా, ఆ కాగితం మీద అన్నింటికంటే పైన ర్యాంపు అని రాయండి. మేస్త్రీని పిలిచే ముందు మీ సంఘంలో చక్రాల కుర్చీ వాడే మనిషి ఇంటికి వెళ్లి, ఎక్కడ కట్టాలో ఆయన్నే అడగండి.